ఒక తేదీకి చరిత్ర రాయడం ఎలా? నవంబరు 1 ఉదాహరణగా పూర్తి పద్ధతి

మా ఊరి శాఖా గ్రంథాలయం గుమ్మం పక్కన ఒక నల్లబల్ల ఉంది. కొన్నేళ్లుగా దాని మీద రోజూ "చరిత్రలో ఈ రోజు" రాస్తున్నాను. ఎక్కడినుంచో నాలుగు వాక్యాలు తెచ్చి ఎక్కించేస్తే అది రెండు నిమిషాల పని. కానీ ఆ బల్ల ముందు నిలబడి నోట్సులో ఎక్కించుకునే బడిపిల్లలు ఉన్నారు, పోటీ పరీక్షలకు చదువుకునేవారు ఉన్నారు. నేను రాసిన తేదీ తప్పయితే ఆ తప్పు వాళ్ల జవాబు పత్రం దాకా వెళుతుంది. ఆ భయంతోనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. బడిలోనో, గ్రంథాలయంలోనో, అపార్టుమెంటు నోటీసు బోర్డు మీదనో ఇలాంటి శీర్షిక మొదలుపెట్టాలనుకునేవారి కోసం దాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఉదాహరణకు నవంబరు 1 తీసుకుంటాను. తేదీల విషయంలో మనిషి పొరబడే అవకాశాలు దాదాపు అన్నీ ఆ ఒక్క రోజులోనే ఉన్నాయి. పైగా అది తెలుగువారికి దగ్గరి రోజు.

మొదటి మెట్టు: బల్ల కంటే ముందు రిజిస్టరు

పొడవాటి గీతల రిజిస్టరు ఒకటి కొనండి. 366 పేజీలు ఉండాలి, ఫిబ్రవరి 29ని మరిచిపోవద్దు. ఒక్కో తేదీకి ఒక్కో పేజీ. పేజీలో ఆరు గళ్లు గీయండి: సంవత్సరం, వారం (సోమ, మంగళ వగైరా), స్థలం, సంఘటన, ఎక్కడ చదివాను, రెండో ఆధారం.

కొత్త విషయం ఏదైనా మొదట పెన్సిలుతోనే రాయాలి. రెండో ఆధారం దొరికాక, ఆ గడి నింపాక మాత్రమే సిరాతో దిద్దాలి. పెన్సిలు గీత బల్ల మీదికి వెళ్లకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం తప్పులు మొదట్లోనే ఆగిపోతాయి.

రెండో ఆధారం అంటే నిజంగా రెండోది కావాలి. ఒకే వాక్యాన్ని పది చోట్ల చదివినా అది ఒక్క ఆధారమే. పదిమందీ ఒకరిని చూసి ఒకరు రాసి ఉంటారు.

రెండో మెట్టు: పోగు చేయడం

తెలుగు వికీపీడియాలో సంవత్సరంలోని ప్రతి తేదీకీ ఒక పేజీ ఉంది. మొదలుపెట్టడానికి అది మంచి చోటే, అక్కడే ఆగిపోకండి. నవంబరు 1 పేజీకి నా రిజిస్టరులో పెన్సిలుతో చేరినవి ఇవి: 1755 పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూకంపం. 1858 విక్టోరియా రాణి ప్రకటన. 1894 రష్యా చక్రవర్తి మూడో అలెగ్జాండర్ మరణం. 1897 దేవులపల్లి కృష్ణశాస్త్రి జననం. 1952 తొలి హైడ్రోజన్ బాంబు పరీక్ష. 1954 పుదుచ్చేరి, యానాంల పాలన భారతదేశం చేతికి రావడం. అదే రోజు అల్జీరియా యుద్ధం మొదలు. 1956 ఆంధ్రప్రదేశ్, కేరళ ఏర్పాటు. 1966 హర్యానా. 1973 మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారడం. 1974 హైదరాబాద్‌లో వి.వి.ఎస్. లక్ష్మణ్ జననం. 1993 ఐరోపా సమాఖ్య ఒప్పందం అమలు. 2000 ఛత్తీస్‌గఢ్.

తర్వాత మూలాల దగ్గరకు వెళ్లాలి. రాష్ట్రాల ఏర్పాటు వంటి వాటికి చట్టం పాఠమే అసలు మూలం. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం తెరిస్తే, నిర్వచనాల సెక్షన్‌లోనే "నియమిత దినం అంటే 1956 నవంబరు 1" అని ఉంటుంది. నియమిత దినం అంటే మార్పు అమలులోకి వచ్చే రోజు. కళ్లతో చూసి సిరాతో దిద్దడానికి అంతకంటే గట్టి వాక్యం ఉండదు.

పాత పత్రికలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. నవంబరు 1న జరిగింది నవంబరు 2 పత్రికలో ఉంటుంది. పత్రిక మీది తేదీనే సంఘటన తేదీగా రాసుకోవడం నేను చూసినంతలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. వార్త మొదటి వాక్యంలో ఊరి పేరు పక్కన ఉండే తేదీని చూడండి, "నిన్న", "నేడు" అనే మాటలను గమనించండి.

మూడో మెట్టు: ఒక సంఘటన, చాలా తేదీలు

ఒక రాష్ట్రం ఏ రోజు పుట్టింది? బిల్లు గెలిచిన రోజా, రాష్ట్రపతి సంతకం చేసిన రోజా, అమలులోకి వచ్చిన రోజా? తెలంగాణ బిల్లు 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో గెలిచింది. మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. 1956 చట్టంలో లాగా ఈ చట్టంలో తేదీ లేదు. నియమిత దినాన్ని కేంద్రం గెజిట్‌లో వేరే ప్రకటించింది, అది జూన్ 2. ఈ నాలుగూ నిజమైన తేదీలే. మీరు రాసేది ఏ తేదీనో వాక్యంలో స్పష్టంగా ఉండాలి. "ఆమోదించింది", "సంతకం చేశారు", "ఏర్పడింది" అనే క్రియలు ఒకదాని బదులు మరొకటి వాడేవి కావు. (ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు జరిగింది 1956 ఫిబ్రవరి 20న. రాజ్యసభలో తెలంగాణ బిల్లు గెలిచింది కూడా ఫిబ్రవరి 20నే. నా రిజిస్టరులో ఆ రెండు గీతలూ ఒకే పేజీలో ఉన్నాయి. ఆ పేజీ తెరిచినప్పుడల్లా కాసేపు ఆగిపోతాను.)

తెలుగు నేల మీద అందరూ తడబడే చోటు ఒకటుంది. ఆంధ్ర రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్ ఒకటి కావు. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి, 58వ రోజున, డిసెంబరు 15 రాత్రి ప్రాణాలు విడిచారు. ఆయన కోరింది మద్రాసు రాష్ట్రం నుంచి వేరుపడే ఆంధ్ర రాష్ట్రం. అది 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడింది, ప్రకాశం పంతులు తొలి ముఖ్యమంత్రి. హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు కలిసింది మూడేళ్ల తర్వాత. శ్రీరాములు గారి త్యాగాన్ని నవంబరు 1 కింద రాస్తే ఆయన దేనికోసం ప్రాణమిచ్చారో అదే మారిపోతుంది.

నా తప్పు కూడా ఈ మెట్టు మీదే జరిగింది. ఒక ఏడాది బల్ల మీద "1954: యానాంకు విముక్తి" అని రాశాను. సాయంత్రం పత్రిక చదవడానికి వచ్చే ఒక పెద్దాయన దగ్గరకు పిలిచి, "బాబూ, మా యానాంలో ఫ్రెంచి జెండా దిగింది జూన్‌లో కదా!" అన్నారు. ఆయన చెప్పింది నిజం. దడాల రఫేల్ రమణయ్య తదితరుల నాయకత్వంలో విలీనవాదులు 1954 జూన్ 13నే యానాం పాలనను చేతిలోకి తీసుకున్నారు. నవంబరు 1 ఫ్రెంచి ప్రభుత్వం తన నాలుగు స్థావరాల పాలనను భారత్‌కు అప్పగించిన రోజు. చట్టప్రకారం పూర్తి బదిలీ 1962 ఆగస్టు 16న జరిగింది. ఆ రోజు నుంచి యానాంకు మూడు పేజీల్లో మూడు గీతలు రాశాను, ఒక్కోదానికి ఒక్కో క్రియ.

నాలుగో మెట్టు: ఏ క్యాలెండరు?

రష్యా చక్రవర్తి మూడో అలెగ్జాండర్ చనిపోయింది నవంబరు 1న అని కొన్ని పుస్తకాలు, అక్టోబరు 20న అని మరికొన్ని చెబుతాయి. రెండూ తప్పు కాదు. అప్పటికి రష్యాలో పాత జూలియన్ క్యాలెండరే నడుస్తోంది. 19వ శతాబ్దంలో అది మనం వాడే గ్రెగోరియన్ లెక్కకు 12 రోజులు వెనకబడి ఉండేది. 20వ శతాబ్దంలో తేడా 13 రోజులైంది. అందుకే రష్యాలో అక్టోబరు విప్లవం నవంబరు 7న వస్తుంది.

ఇది మనకు దూరం విషయం అనుకోకండి. ఇంగ్లండు 1752 సెప్టెంబరులో గాని కొత్త లెక్కకు మారలేదు. సెప్టెంబరు 2 తర్వాతి రోజును 14గా పిలిచారు. ఫ్రాన్సు అంతకు చాలా ముందే మారింది. అంటే మన తీరంలో కత్తులు దూసుకున్న రెండు కంపెనీలూ 11 రోజుల తేడాతో డైరీలు రాసుకున్నాయి. 1746లో ఫ్రెంచివారికి మద్రాసు లొంగిపోయింది ఇంగ్లీషువారి లెక్కలో సెప్టెంబరు 10, ఫ్రెంచివారి లెక్కలో 21. 1752కు ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి జనవరి, ఫిబ్రవరి ఉత్తరాల్లో సంవత్సరం కూడా ఒకటి తక్కువ కనిపించవచ్చు. మచిలీపట్నం, మద్రాసు కోటల పాత కాగితాలు చదివేవారు దీన్ని గోడ మీద రాసి పెట్టుకోవాలి.

ఇంకా వెనక్కి వెళితే శాసనాలు. శక సంవత్సరం, దానికి తోడు ప్రభవ నుంచి అక్షయ దాకా ఉన్న అరవైలో ఒక పేరు, మాసం, పక్షం, తిథి, చాలాసార్లు వారం కూడా ఉంటాయి. శక సంవత్సరానికి 78 కలిపితే సాధారణంగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, పుష్యమాఘాల ప్రాంతంలో 79 కలపాల్సి రావచ్చు. తిథి నుంచి తేదీకి రావడానికి ఎల్.డి. స్వామికన్ను పిళ్ళై తయారుచేసిన పట్టికలను పండితులు ఇప్పటికీ వాడతారు. ఆ పని చేతకాకపోతే తేదీ రాయకండి. "శక సంవత్సరం ఫలానా, కార్తీక శుద్ధ పంచమి" అని ఉన్నదున్నట్టు రాయండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. గోల్కొండ కాలపు హిజ్రీ తేదీల్లో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుందని గుర్తుంచుకోండి. రెవెన్యూ కాగితాల్లోని ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే, ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1366 అంటే 1956లో మొదలైనది.

వారం అనే త్రాసు

రిజిస్టరులో వారానికి ఒక గడి ఎందుకు గీయమన్నానంటే, తేదీని తూచడానికి చేతిలో ఉండే త్రాసు అదే. ఒకే తేదీ ఏటా వారంలో ఒక రోజు ముందుకు జరుగుతుంది. మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే రెండు జరుగుతుంది. 1954 నవంబరు 1 సోమవారం. 1955లో మంగళవారం. 1956 లీపు సంవత్సరం, కాబట్టి బుధవారాన్ని దాటి గురువారం. ఎవరైనా తాతగారు "ఆంధ్రప్రదేశ్ వచ్చిన రోజు మా ఊళ్లో గురువారం సంత" అని చెబితే ఆ జ్ఞాపకం నిలబడుతుంది. "ఆదివారం, బడికి సెలవు" అంటే ఇంకొక రోజు జ్ఞాపకం దీనితో కలిసిపోయిందని అర్థం. అప్పుడు ఆయన మాటను కొట్టిపారేయకండి. అది ఏ ఆదివారమో వెతకండి, అక్కడ మరో సంఘటన దొరకవచ్చు.

అయిదో మెట్టు: గడియారం

పసిఫిక్ సముద్రంలోని ఎనివెటోక్ దీవుల్లో అమెరికా తొలి హైడ్రోజన్ బాంబును పేల్చింది అక్కడి లెక్కలో 1952 నవంబరు 1 ఉదయం 7 గంటల 15 నిమిషాలకు. ఎలుగెలాబ్ అనే దీవి మొత్తం పటం మీది నుంచి చెరిగిపోయింది. పేలుడు శక్తి 10.4 మెగాటన్నులు. కానీ ఆ క్షణానికి అమెరికాలో ఇంకా అక్టోబరు 31. లండన్‌లో అక్టోబరు 31 రాత్రి ఏడుంబావు. మన దేశంలో అర్ధరాత్రి దాటి 45 నిమిషాలు, అంటే నవంబరు 1. ఇలాంటివాటికి నా నియమం ఒకటే: సంఘటన జరిగిన చోటి గడియారమే లెక్క. అవసరమైతే "మన లెక్కలో" అని పక్కన చేర్చండి.

రాత్రి పన్నెండు దాటాక జరిగినవాటితో ఇంకో చిక్కు ఉంది. మన ఇళ్లలో రోజు సూర్యోదయంతో మారుతుంది. తెల్లవారుజామున మూడింటికి జరిగినదాన్ని పెద్దలు ముందురోజు రాత్రి ఖాతాలోనే చెబుతారు. మనుషుల నోటి నుంచి విని రాసేటప్పుడు "రాత్రా, తెల్లవారుజామా, కోడి కూసిందా?" అని అడగండి.

ఆరో మెట్టు: ఏది ఉంచాలి?

ఇరవై సంఘటనలు దొరికాయని ఇరవై రాస్తే ఎవరూ చదవరు. బల్ల మీద నాలుగైదు చాలు. వాటిని ఎంచడానికి నేను వేసుకునే ప్రశ్న ఇది: ఇది మరో రోజు జరిగి ఉంటే కథ మారేదా?

లిస్బన్ భూకంపం ఈ ప్రశ్నకు నిలిచే గొప్ప ఉదాహరణ. 1755 నవంబరు 1, శనివారం, ఉదయం సుమారు 9 గంటల 40 నిమిషాలు. అది క్రైస్తవుల సకల పునీతుల పండుగ రోజు. ఊరంతా చర్చిల్లో ఉంది, బలిపీఠాల మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. రాతి కట్టడాలు ప్రార్థనలో ఉన్న జనం మీద కూలాయి. బయటపడినవారు ఖాళీ స్థలం కోసం నదీ తీరానికి పరుగెత్తారు. కొద్దిసేపటికే సముద్రం వెనక్కి తగ్గి అలలై వచ్చి పడింది. పడిపోయిన కొవ్వొత్తులు, పొయ్యిల నుంచి లేచిన మంటలు రోజుల తరబడి ఆరలేదు. పండుగ రోజున, ప్రార్థన వేళ ఇలా ఎందుకు జరిగిందని ఐరోపా ఆలోచనాపరులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఇక్కడ తేదీ పక్కనుండే వివరం కాదు, కథకు ప్రాణం. మంత్రి పొంబాల్ తర్వాత దేశంలోని ప్రతి చర్చి పరిధికీ ప్రశ్నలు పంపాడు: కంపం ఎంతసేపు నిలిచింది, ఎన్నిసార్లు వచ్చింది, సముద్రం ముందు పెరిగిందా తగ్గిందా? ఒక విపత్తును భయంతో కాక ప్రశ్నలతో నమోదు చేసిన ఆ మనిషి గురించి ఒక్క వాక్యమైనా రాయకుండా ఆ తేదీని వదలలేను.

జననాలు, మరణాలు రోజుకు ఒకటి రెండు మించకూడదు. నవంబరు 1కి కృష్ణశాస్త్రి గారు నా బల్ల మీద తప్పకుండా ఉంటారు. పిల్లలు అడిగిన ఏడాది లక్ష్మణ్ కూడా ఉంటాడు.

ఏడో మెట్టు: దారం వెతకడం

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఒకే పేజీలో పక్కపక్కన ఉన్న రెండు గీతల మధ్య నిజమైన సంబంధం ఉందేమో చూడండి.

1954 నవంబరు 1 సోమవారం. పుదుచ్చేరిలో ఫ్రెంచి ప్రతినిధి పియర్ లాండీ నుంచి కేవల్ సింగ్ పాలన స్వీకరించారు. అంతకు రెండు వారాల ముందు, అక్టోబరు 18న, కిళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటు వేయగా 170 మంది భారత్‌లో కలవడానికే మొగ్గారు. చర్చలతో, ఓటుతో ఒక వలస పాలన ముగిసింది. సరిగ్గా అదే తేదీన, అదే ఫ్రాన్సు పాలనలోని అల్జీరియాలో జాతీయ విమోచన సంస్థ దేశమంతటా దాడులు చేసింది, దాదాపు ఎనిమిదేళ్ల యుద్ధం మొదలైంది. మన యానాం, పుదుచ్చేరిల బదిలీ ఒప్పందం మీద 1956 మే 28న సంతకాలు జరిగినా, ఫ్రాన్సు పార్లమెంటు దాన్ని ఖరారు చేసింది 1962లో, అల్జీరియాకు స్వాతంత్ర్యం వచ్చాకే. ఒకే రోజు మొదలైన రెండు దారులు ఒకే ఏడాదిలో గమ్యం చేరాయి. గోదావరి ఒడ్డున ఉన్న చిన్న యానాం ఎనిమిదేళ్లు ఎందుకు ఎదురుచూసిందో అల్జీరియా గీత చదివితే గాని తెలియదు.

లేని దారాన్ని మాత్రం పేనకండి. లిస్బన్‌కూ ఆంధ్రప్రదేశ్‌కూ ఒకే తేదీ కావడం తప్ప సంబంధం లేదు. ఉన్నట్టు రాస్తే జాతకం చెప్పినట్టు ఉంటుంది.

ఎనిమిదో మెట్టు: పేరు పెట్టడం

1948 సెప్టెంబరు 17 సాయంత్రం నిజాం లొంగుబాటును రేడియోలో ప్రకటించాడు. మర్నాడు హైదరాబాద్ సేనాధిపతి ఎల్ ఎద్రూస్, భారత సైన్యపు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లాంఛనంగా లొంగిపోయాడు. ఇది జరిగిన విషయం. ఆ రోజును కొందరు విమోచనం అంటారు, కొందరు విలీనం అంటారు, ఇంకొందరు సమైక్యతా దినం అంటారు. తెలంగాణ ప్రభుత్వమే 2022లో జాతీయ సమైక్యతా దినోత్సవంగానూ, 2024లో ప్రజాపాలన దినోత్సవంగానూ జరిపింది. బల్ల మీద ముందు జరిగినది రాయండి. పేరు రాయాల్సి వస్తే ఎవరు పెట్టిన పేరో చెప్పి రాయండి.

నవంబరు 1కీ ఇదే వర్తిస్తుంది. ఒక ఇంట్లో అది అవతరణ, మరో ఇంట్లో విలీనం. బల్ల ముందు ఇద్దరి పిల్లలూ నిలబడతారు. ఎవరూ తల దించుకోకుండా చదవగలిగే వాక్యం రాయడం కష్టమే గాని అసాధ్యం కాదు.

తొమ్మిదో మెట్టు: వాక్యం

"1956: ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది" అని రాయవచ్చు, తప్పేమీ లేదు. కానీ చదివినవారి చేతిలో ఏమీ మిగలదు. ఎవరు, ఎక్కడ, దేనితో, తర్వాత ఏమైంది, వీటిలో కనీసం రెండు ఉండాలి. ముప్పై నలభై మాటలు దాటకూడదు. సుద్దముక్కతో రాసేవారికి ఆ హద్దు చేతి నొప్పే నేర్పుతుంది. "చారిత్రాత్మక", "మహత్తర", "స్వర్ణాక్షరాలతో" లాంటి మాటలు తీసేయండి. సంఘటన గొప్పదైతే అంకెలూ పేర్లే ఆ పని చేస్తాయి. రాశాక ఒకసారి పైకి చదవండి. ఊపిరి ఆడక మధ్యలో ఆగాల్సి వస్తే వాక్యాన్ని రెండు చేయండి.

పోయిన నవంబరు 1న నేను రాసింది ఇది.

1755, శనివారం: సకల పునీతుల పండుగ ఉదయం లిస్బన్‌లో భూకంపం. తర్వాత సముద్రపు అలలు, మంటలు. భూకంపం తీరును ప్రశ్నలు పంపి నమోదు చేయించిన మంత్రి పొంబాల్.

1858, సోమవారం: అలహాబాద్ దర్బారులో గవర్నర్ జనరల్ కానింగ్ విక్టోరియా రాణి ప్రకటన చదివాడు. ఈస్టిండియా కంపెనీ పాలన ముగిసింది.

1897: కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి జననం.

1954, సోమవారం: పుదుచ్చేరి, కారైక్కాల్, మాహే, యానాంల పాలనను ఫ్రాన్సు భారత్‌కు అప్పగించింది. యానాంలో జూన్ 13నే విలీనవాదులు పాలన చేపట్టారు. ఇదే రోజు ఫ్రెంచి అల్జీరియాలో స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది.

1956, గురువారం: హైదరాబాద్ రాష్ట్రం మూడు భాగాలైంది. తెలుగు జిల్లాలు ఆంధ్ర రాష్ట్రంతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాయి, కన్నడ జిల్లాలు మైసూరులో, మరాఠీ జిల్లాలు బొంబాయిలో చేరాయి. రాజధాని హైదరాబాద్, తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి.

బల్ల అడుగున రెండు గీతల మేర ఖాళీ వదిలి, సుద్దముక్కను దారంతో కట్టి వేలాడదీస్తాను. "ఈ రోజు మీ ఊళ్లో, మీ ఇంట్లో ఏం జరిగింది?" అని పైన రాసి ఉంటుంది. ఆ రోజు సాయంత్రానికి అక్కడ ఎవరో వంకర అక్షరాలతో రాశారు: "1956. మా తాత ఉస్మానియాలో చదువుతున్నాడు." దాన్ని రిజిస్టరులోకి ఎక్కించాను, పెన్సిలుతో.